నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి

మా ల్యాబుకూ వార్డులకూ మధ్య జరిగే తగాదాల్లో ముప్పాతిక వంతు నీలం మూత ట్యూబు గురించే. ఊదా మూత ట్యూబులో రక్తం కాస్త తగ్గినా చాలాసార్లు పని నడిపించుకోవచ్చు. ఎర్ర మూతదైతే సీరం వచ్చినంత వచ్చింది అనుకుంటాం. నీలం మూత విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. గీత దాకా రాలేదా, శాంపిల్ వెనక్కి పంపేస్తాను. "పాపకు నరం దొరకడం లేదు మేడం, ఈసారికి చేసేయండి" అంటారు ఫోనులో. "డాక్టరు గారు రిపోర్టు అడుగుతున్నారు" అని బెదిరిస్తారు. నా వెనకాల నాకొక పేరు పెట్టుకున్నారని కూడా తెలుసు. ఆ పేరు ఇక్కడ రాయను.

రక్తం గడ్డకట్టే తీరును చూసే పరీక్షలు, అంటే పీటీ, ఏపీటీటీ (రెండూ గడ్డ ఎన్ని సెకన్లలో కడుతుందో చెప్పేవి), ఐఎన్ఆర్ (పీటీ నుంచే లెక్కగట్టే అంకె), ఫైబ్రినోజెన్ (గడ్డగా మారే ప్రొటీన్), డీ-డైమర్ వంటివన్నీ ఈ ట్యూబులోంచే చేస్తాం. ఖాళీ ట్యూబు అడుగున నీళ్లలా కనిపించేది 3.2 శాతం సోడియం సిట్రేట్. గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టే రక్తం ద్రవంగా మా బల్ల మీదికి చేరుతుంది. దాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన ప్లాస్మా తీసి, దానికి కావలసిన కాల్షియం తిరిగి ఇచ్చి, ఎన్ని సెకన్లలో గడ్డకట్టిందో చూస్తాం. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్న నిష్పత్తి మీదే ఈ లెక్కంతా నిలబడి ఉంది. 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్ ఉన్న ట్యూబుకు 2.7 మిల్లీలీటర్ల రక్తం రావాలి. సగమే వచ్చిందనుకోండి, పనిలేక మిగిలిన సిట్రేట్ మేము ఇచ్చిన కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది. గడ్డ ఆలస్యమవుతుంది. మెషిన్ ఆ ఆలస్యాన్ని దశాంశ స్థానంతో సహా అచ్చువేసి ఇస్తుంది. అది రోగి రక్తంలో ఉన్న లోపం కాదని మెషిన్‌కు తెలియదు.

ఆ అంకె కాగితం మీదికి ఎక్కాక ఎవరూ ట్యూబు గురించి అడగరు. ఆపరేషన్ వాయిదా పడుతుంది. అక్కర్లేని ప్లాస్మా సంచులు ఎక్కిస్తారు. రక్తం పలచబరిచే మాత్ర వేసుకునేవాళ్లకు మోతాదు తగ్గిస్తారు, అప్పుడు నిజంగానే గుండెలో అమర్చిన లోహపు కవాటం మీద గడ్డ పేరుకునే ప్రమాదం మొదలవుతుంది. నేను వెనక్కి పంపే ట్యూబు వల్ల ఒక పసిదానికి రెండోసారి సూది గుచ్చాలి, నిజమే. నాకూ ఇష్టమై చేయడం లేదు.

సూది దగ్గర జరిగే పొరపాట్లకు అంతులేదు. బటర్‌ఫ్లై సూదితో రక్తం తీసేటప్పుడు దాని సన్నని గొట్టంలో గాలి ఉంటుంది. నీలం మూత ట్యూబే మొదట పెడితే ఆ గాలి ట్యూబులోకి పోయి రక్తం తగ్గిపోతుంది. ముందు ఒక వృథా ట్యూబు పెట్టి, తరువాత దీన్ని పెట్టాలి. ఐసీయూలో చేతికున్న లైనులోంచి తీస్తే, ఆ లైను మూసుకుపోకుండా వేసిన హెపారిన్ బొట్టు రక్తంతో కలిసి వచ్చి ఏపీటీటీని ఆకాశానికి ఎత్తుతుంది. ఒకసారి వార్డులో కొత్తగా చేరిన పిల్ల, పాపం, నా తిట్లకు భయపడి, నీలం ట్యూబు నిండలేదని పక్కనున్న ఊదా మూత ట్యూబులోంచి కాస్త రక్తం పోసి గీత దాకా నింపి పంపింది. ఊదా ట్యూబులో ఉండేది ఈడీటీఏ, అది సిట్రేట్ కంటే గట్టిగా కాల్షియాన్ని పట్టుకుంటుంది. పీటీ, ఏపీటీటీ రెండూ ఎంతకీ తేలలేదు. రోగి మాత్రం మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఇలాంటప్పుడు మెషిన్‌ను నమ్మాలా, ఇడ్లీని నమ్మాలా అంటే నేను ఇడ్లీనే నమ్ముతాను.

ఇంకో సంగతి. పుట్టుకతో గుండెలో లోపంతో పెదవులు నీలంగా ఉండే పిల్లల్లో ఎర్రకణాలు చాలా ఎక్కువగా ఉంటాయి, అంటే ప్లాస్మా తక్కువ. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 55 శాతం దాటితే ట్యూబు గీత దాకా నిండినా సిట్రేట్ ఎక్కువైనట్టే. వాళ్లకు సిట్రేట్ ముందుగా తగ్గించిన ట్యూబు మేమే తయారుచేసి పంపాలి. ఈ ఒక్క సందర్భంలో వార్డువాళ్లు నన్ను తిట్టరు, ఎందుకంటే పని నాది.

నేను డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదువుకుని మొదట పని నేర్చుకున్నది దివిసీమ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో. అప్పుడు మెషిన్ లేదు. 37 డిగ్రీల వాటర్ బాత్, గాజు ట్యూబులు, ఒక స్టాప్ వాచ్, అంతే. ప్లాస్మా 0.1 మిల్లీలీటరు తీసుకుని వెచ్చబెట్టి, దానిలోకి పీటీ రీయేజెంట్ (పరీక్షకు వాడే రసాయనం) 0.2 మిల్లీలీటర్లు ఒక్కసారిగా వదిలి, అదే క్షణంలో వాచీ నొక్కాలి. తరువాత ట్యూబును నీళ్లలోంచి తీసి దీపానికి ఎదురుగా మెల్లగా వంచుతూ ఉండాలి. మామూలు మనిషి ప్లాస్మా పన్నెండు పదమూడు సెకన్ల దగ్గర, పారుతున్నది పారుతున్నట్టే ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని కళ్లతో చూసినవాళ్లకు ఇప్పటి ప్రింటవుట్ చప్పగా అనిపిస్తుంది. ఏపీటీటీకి ఓపిక కావాలి. ప్లాస్మా, రీయేజెంట్ కలిపి మూడు నిమిషాలు వెచ్చగా ఉంచి, ఆపైన కాల్షియం క్లోరైడు వేసి వాచీ నొక్కాలి. ప్రతి శాంపిలూ రెండుసార్లు చేసి సగటు తీసేవాళ్లం. రెండింటికీ పొంతన కుదరకపోతే మూడోసారి. కరెంటు పోతే వాటర్ బాత్ చల్లబడకుండా ఫ్లాస్కులో వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకునేదాన్ని.

పీటీని అమెరికా వైద్యుడు ఆర్మండ్ క్విక్ 1935లో రూపొందించాడు. దెబ్బ తగిలిన కణజాలంలోంచి మొదలయ్యే దారిని అది చూస్తుంది. ఏపీటీటీ మరో దారిని, అంటే రక్తం పరాయి ఉపరితలాన్ని తాకినప్పుడు మొదలయ్యే దారిని చూస్తుంది. రెండు దారులూ చివర్లో కలుస్తాయి. పీటీ బాగుండి ఏపీటీటీ ఒక్కటే పెరిగిందంటే తేడా ఎక్కడుందో సగం తెలిసిపోయినట్టే. కారకాలంటే గడ్డకట్టడానికి రక్తంలో ఉండే ప్రొటీన్లు. ఎనిమిదో కారకం, తొమ్మిదో కారకం, పదకొండు, పన్నెండు, వీటిలో ఏదో ఒకటి తగ్గింది, లేదా రక్తంలో అడ్డుపడేది ఏదో ఉంది. ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి రోగి ప్లాస్మానూ ఆరోగ్యవంతుల ప్లాస్మానూ సమపాళ్లలో కలిపి మళ్లీ చేస్తాం. సరిపోతే లోపం, సరిపోకపోతే అడ్డు. ఇంత చవకైన పద్ధతిలో ఇంత తెలివి ఉండడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇక బీటీ, సీటీ, అంటే బ్లీడింగ్ టైమ్, క్లాటింగ్ టైమ్. ఈ మాటెత్తితే మా డాక్టర్లలో కొందరికి కోపం వస్తుంది కాబట్టి నా సొంత బ్లాగులోనే రాస్తున్నాను. చెవి తమ్మె మీదో వేలి కొన మీదో చిన్నగా గుచ్చి, అరనిమిషానికొకసారి అద్దుడు కాగితంతో అద్దుతూ, రక్తం ఎప్పుడు ఆగిందో చూడడం బీటీ. విలియం డ్యూక్ 1910లో చెప్పిన పద్ధతి. సన్నటి గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, అరనిమిషానికొక ముక్క విరుస్తూ రెండు ముక్కల మధ్య దారంలా ఫైబ్రిన్ (గడ్డలోని పోగు) సాగేదాకా చూడడం సీటీ. ఈ రెండూ ఇవాళ్టికీ మన దగ్గర ప్రతి ఆపరేషన్ ముందూ రాస్తారు. కంటి శుక్లానికి రాస్తారు, హెర్నియాకు రాస్తారు. ఆపరేషన్‌లో ఎవరికి రక్తస్రావం ఎక్కువవుతుందో బీటీ ముందుగా చెప్పలేదని అమెరికా పాథాలజిస్టుల కాలేజీ 1998లోనే తేల్చి చెప్పింది. సీటీ అయితే కారకాలు బాగా పడిపోతే తప్ప కదలదు. కొద్దిపాటి లోపాలు దాని కళ్ల ముందు నుంచే దర్జాగా నడిచిపోతాయి.

ఒక పిల్లవాడు టాన్సిల్స్ ఆపరేషన్‌కు వచ్చాడు. వాళ్ల ఊరి ల్యాబులో బీటీ, సీటీ రెండూ మామూలే అని రిపోర్టు ఉంది. వెంట అమ్మమ్మ వచ్చింది. రక్తం తీస్తూ మాటల్లో పెడదామని, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని అడిగాను.

"వాళ్ల మేనమామకు పన్ను పీకిస్తే రెండు రోజులు నెత్తురు ఆగలేదమ్మా. మా తమ్ముడికీ అంతే. మా వంశంలో మగపిల్లల నెత్తురు పలచన" అంది ఆవిడ, అదేదో జుట్టు రంగు గురించి చెప్పినట్టు.

అమ్మ వైపు మగవాళ్లు, అంటే తల్లుల ద్వారా కొడుకులకు దిగే జబ్బేమో. అప్పుడే పీటీ, ఏపీటీటీకి నీలం ట్యూబు తీసుకుంటానని డాక్టరు గారిని అడిగాను. పీటీ బాగుంది. ఏపీటీటీ 46 సెకన్లు, ఆ రోజు కంట్రోలు (ఆరోగ్యవంతుల ప్లాస్మా) 30. కలిపి చేస్తే సరిపోయింది. పెద్ద ల్యాబుకు పంపితే ఎనిమిదో కారకం తక్కువని తేలింది, తీవ్రత లేని రకం హీమోఫీలియా. పిల్లవాడికి టాన్సిల్స్ తరువాత ఎప్పుడో, కారకం ఎక్కించే వసతి ఉన్నచోట తీశారు. ఇక్కడ అసలు పరీక్ష చేసింది అమ్మమ్మ. పన్ను పీకినప్పుడు ఏమైంది, కాన్పులో ఏమైంది, నెలసరి ఎన్ని రోజులు, ఊరికే కమిలిన మచ్చలు వస్తాయా, మాత్రలేమైనా వేసుకుంటున్నారా అన్న ప్రశ్నలు బీటీ, సీటీల కంటే ఎక్కువ చెబుతాయి. అలాగని ఏపీటీటీ సర్వజ్ఞురాలు అనుకోకండి. ఆడవాళ్లలో నెలసరి రక్తస్రావానికి తరచూ కారణమయ్యే వాన్ విల్లిబ్రాండ్ జబ్బులో అది మామూలుగానే కనిపించవచ్చు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగికి ఆపరేషన్ ముందు పరీక్ష చేస్తే రక్తం గాజు ట్యూబులో ఎంతకీ గడ్డకట్టలేదు. ఆయనకు మాత్రం జీవితంలో ఎప్పుడూ రక్తస్రావం లేదు. ఆయన రక్తంలో లేనిదేమిటో ఆస్కార్ రాట్నాఫ్, జోన్ కొలోపీ 1955లో ప్రకటించారు. ఇప్పుడు దాన్ని పన్నెండో కారకం అంటున్నాం. గాజును తాకగానే మేల్కొనేది అదే. ఒంట్లో గాజు లేదు కాబట్టి ఆయనకు ఆ లోటు తెలియలేదు. 1968లో ఆయన చనిపోయింది ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరి. పరీక్షలో రక్తం గడ్డకట్టని మనిషి గడ్డ వల్లే పోయాడు! ఏపీటీటీ పెరిగిన రిపోర్టు చూసి ఎవరైనా కంగారుపడితే నేను ఈ కథ చెబుతాను. సగం మంది కుదుటపడతారు, మిగతా సగం మంది ఇంకా కంగారుపడతారు.

గాజు మాట వచ్చింది కాబట్టి పాముల దగ్గరికి వెళదాం. దివిసీమలో వరి చేలో దిగినవాళ్లకు రక్తపింజరి కొత్త కాదు. 2018 వానాకాలంలో అక్కడి పాముకాట్లు పత్రికలకెక్కి రాష్ట్రమంతా మాట్లాడుకుంది గానీ, మా చిన్న ఆసుపత్రికి అవి ఏటా నాట్ల కాలంలో, కోతల కాలంలో వచ్చేవి. రక్తపింజరి విషం రక్తంలోని పదో కారకాన్నీ ఐదో కారకాన్నీ విచ్చలవిడిగా రెచ్చగొడుతుంది. ఉన్న ఫైబ్రినోజెన్ అంతా అక్కడక్కడ చిన్న గడ్డలుగా ఖర్చయిపోతుంది. తరువాత అవసరమైనచోట గడ్డకట్టడానికి ఏమీ మిగలదు. చిగుళ్లు కారతాయి, మూత్రం ఎర్రబడుతుంది.

దీనికి చేసే పరీక్షకు కరెంటు కూడా అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల తాజా రక్తం పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. తోడుపెట్టిన గిన్నెను కదిపితే పెరుగు విరిగినట్టు, మధ్యలో ఆత్రంగా వంచి చూస్తే ఇదీ చెడుతుంది. ఇరవై నిమిషాలయ్యాక ఒక్కసారి వంచాలి. గడ్డ నిలబడితే సరే. నీళ్లలా పారితే రక్తం గడ్డకట్టే శక్తి పోయినట్టు, విషానికి విరుగుడు మొదలుపెట్టాల్సిందే. ప్రపంచంలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే బరువైన నిర్ణయం తీసుకునే పరీక్ష ఇంకొకటి నాకు తెలియదు.

కానీ దాన్ని చెడగొట్టడం కూడా అంతే తేలిక. ప్లాస్టిక్ ట్యూబులో పోస్తే పన్నెండో కారకం మేల్కొనదు, ఆరోగ్యవంతుడి రక్తం కూడా పారుతుంది. సబ్బు పొడితో కడిగిన గాజు ట్యూబైనా ప్రమాదమే, సబ్బు పొర గాజు గుణాన్ని మార్చేస్తుంది. మా దగ్గర ఆ పనికి కొత్త గాజు ట్యూబులు విడిగా ఒక డబ్బాలో పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో "పాము" అని రాసి ఉంచాను. ఆయాలు ఆ డబ్బా ముట్టుకోవడానికే భయపడేవాళ్లు, నాకు కావలసిందీ అదే. అర్ధరాత్రి పాముకాటు మనిషి వస్తే ట్యూబు పక్కన గోడ గడియారం చూస్తూ కూర్చునేదాన్ని. బయట వరండాలో బంధువులు. ఎవరో ఒకరు తలుపు తోసుకుని వచ్చి, "అమ్మా, మందు ఇవ్వకుండా గడియారం చూస్తారేమిటి?" అని నిలదీసేవారు. తప్పేముంది, నేనైనా అడిగేదాన్ని. డాక్టరు గారు మాత్రం ట్యూబును చూస్తూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కాటు వాపు, చిగుళ్లు, కనురెప్పలు చూస్తూనే ఉండేవారు. ఎందుకంటే నాగుపాము, కట్లపాము కాట్లలో విషం నరాల మీద పడుతుంది, రక్తం చక్కగా గడ్డకడుతుంది. ట్యూబు బాగుందని ఆ మనిషిని ఇంటికి పంపితే దారిలోనే ఊపిరి ఆగవచ్చు. రక్తపింజరి కాటులోనూ మొదటిసారి గడ్డకట్టిందని వదిలేయకూడదు, మళ్లీ మళ్లీ చూడాలి. విరుగుడు ఇచ్చాక ఆరు గంటలకు మళ్లీ చేసేవాళ్లం. విషం విరిగినా, ఖర్చయిన కారకాలను కాలేయం తిరిగి తయారుచేయడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

ఈ పాముకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు మన విశాఖపట్నంతో ముడిపడింది. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర్లో అక్కడ ఉండి, ఈస్టిండియా కంపెనీ కోసం తీరమంతటి పాములనూ పరిశీలించాడు. 1796లో బొమ్మలతో అచ్చువేసిన పుస్తకంలో ఈ పామును స్థానికులు చెప్పిన పేరుతోనే, "కాటుక రేకుల పొడ" అని రాసుకున్నాడు. వీపు మీద నల్లంచు మచ్చలు చూసినవాళ్లకు ఆ పేరు ఎంత సరిపోయిందో తెలుస్తుంది. ఆ తరువాత లండన్‌లో మ్యాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే ఇద్దరు 1934లో ఈ విషాన్నే హీమోఫీలియా రోగులకు పైపూతగా వాడి రక్తం ఆపవచ్చని చూపించారు. ఇప్పుడు నా బల్ల మీదున్న ఫ్రిజ్‌లో చిన్న సీసాలో అదే విషం పలచన చేసి ఉంటుంది. పదేపదే గర్భస్రావమయ్యేవాళ్లలో, చిన్న వయసులో కాలి నరంలో గడ్డ కట్టినవాళ్లలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్ (ఒంట్లో అక్కర్లేని గడ్డలు కట్టించే యాంటీబాడీ) ఉందేమో చూడడానికి వాడతాం. దివిసీమలో ఏ విషానికి భయపడి గడియారం చూశానో, అది ఇప్పుడు కొరియర్‌లో ఐస్ ప్యాక్ పక్కన పడుకుని వస్తుంది, రసీదుతో సహా.

ఇప్పుడున్న ఆసుపత్రిలో నా రోజులో ఎక్కువ భాగం ఐఎన్ఆర్‌కు పోతుంది. చిన్నప్పుడు గొంతునొప్పితో వచ్చే కీళ్ల జ్వరం గుండె కవాటాలను పాడుచేస్తే, లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమంది. వాళ్లు బతికినంత కాలం అసిట్రోమ్, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. మోతాదు తక్కువైతే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే మెదడులో రక్తస్రావం. ఈ రెండు గట్ల మధ్య నడిపించేది ఐఎన్ఆర్. కాలి నరంలో గడ్డకు, గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుకు (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. లోహపు మైట్రల్ కవాటానికి (గుండె ఎడమ గదుల మధ్య ఉండేది) 2.5 నుంచి 3.5. కొత్తగా వచ్చిన రివరోక్సాబాన్, అపిక్సాబాన్ మాత్రలకు ఐఎన్ఆర్‌తో పనిలేదు. లోహపు కవాటం ఉన్నవాళ్లకు ఆ కొత్త మాత్రలు పనికిరావు.

సెకన్లు చాలవా, మళ్లీ ఐఎన్ఆర్ ఎందుకు అని అడుగుతారు. పీటీ రీయేజెంట్ ఒక్కో కంపెనీది ఒక్కో బలం. అదే రోగి, అదే రక్తం, రెండు ల్యాబుల్లో రెండు రకాల సెకన్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఈ తగవు తీర్చింది. రోగి పీటీని ఆరోగ్యవంతుల సగటు పీటీతో భాగించి, ఆ వచ్చినదాన్ని రీయేజెంట్ సీసా మీదుండే ఐఎస్ఐ అనే ఘాతానికి పెంచాలి. రోగికి 24 సెకన్లు, సగటు 12, ఐఎస్ఐ 1.0 అయితే ఐఎన్ఆర్ 2.0. అదే ఐఎస్ఐ 1.3 అయితే దాదాపు 2.46. అంటే పాత సీసా ఐఎస్ఐని మెషిన్‌లో మార్చకుండా కొత్త సీసా వాడే ల్యాబు ఏదైనా ఉంటే, అక్కడి ఐఎన్ఆర్‌లన్నీ అబద్ధాలే. రిపోర్టు మీద ఐఎస్ఐ, సగటు పీటీ రెండూ వేయని ల్యాబును నేను నమ్మను. మీరూ అడగండి, మొహమాటపడకండి.

నెలనెలా వచ్చే ఒక రైతు ఉన్నారు. నోటుబుక్కులో తేదీ, మోతాదు, ఐఎన్ఆర్, ఆ వారం ఏం తిన్నారో కూడా రాసుకొస్తారు. ఒక డాక్టరు ఆకుకూరలు ముట్టుకోవద్దన్నారట.

"తోటకూర లేకుండా ఎట్లా బతికేది తల్లీ? మా ఇంటి వెనకే పెరుగుతుంది" అన్నారు.

"మానొద్దు బాబాయి గారూ. వారానికి రెండుసార్లు తింటే ఎప్పుడూ రెండుసార్లే తినండి. ఒక వారం మడి మొత్తం కోసి, మరో వారం ముట్టకుండా ఉండొద్దు" అన్నాను. "మోతాదు సంగతి మాత్రం డాక్టరు గారు చెప్పాలి."

ఈ మాత్రలు విటమిన్-కె పనిని అడ్డుకుంటాయి. పాలకూర, తోటకూర వంటి వాటిలో అది దండిగా ఉంటుంది. తిండి నిలకడగా ఉంటే మోతాదు దానికి తగ్గట్టు కుదురుతుంది. నాకు తిండి కంటే మందుల దుకాణం అంటేనే ఎక్కువ భయం. విరేచనాలని మెట్రోనిడజోల్, చర్మానికి ఫ్లూకోనజోల్, చీటీ లేకుండా కొనుక్కుని వేసుకుంటారు. ఐఎన్ఆర్ 7 దాటి వస్తుంది. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటే ఐఎన్ఆర్ మామూలుగా ఉన్నా కడుపులో రక్తం కారవచ్చు. క్షయ మందుల్లోని రిఫాంపిసిన్ అయితే తిరగబడి ఐఎన్ఆర్‌ను కిందికి లాగేస్తుంది. కవాటం పెట్టించుకున్నవాళ్లు ఏ కొత్త మాత్ర వేసుకునే ముందైనా తమ డాక్టరును అడగాలి, ఆపేటప్పుడూ అడగాలి.

డీ-డైమర్ గురించి రెండు మాటలతో సరిపెడతాను, ఎక్కువ రాస్తే రక్తపోటు పెరుగుతుంది. ఎక్కడో గడ్డకట్టి, కరుగుతున్నప్పుడు మిగిలే ముక్కలవి. కాలి నరంలో గడ్డ ఉండే అవకాశం తక్కువని డాక్టరుకు అనిపించినప్పుడు, లేదని నిర్ధారించుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఉందని చెప్పడానికి పనికిరాదు, ఎందుకంటే గర్భం, ఇన్‌ఫెక్షన్, ఆపరేషన్, ముసలితనం, అన్నీ దాన్ని పెంచుతాయి. 2021లో కోవిడ్ రెండో విడతలో ఊరంతా దీన్ని జాతకంలా చూసుకుంది. మా మరిది హైదరాబాద్ నుంచి ఫోను చేసి, "వదినా, మొన్న 0.4 ఉంది, ఇవాళ వేరే ల్యాబులో 380 వచ్చింది!" అని ఏడ్చినంత పనిచేశాడు. మొన్నటిది మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో, ఇవాళ్టిది నానోగ్రాముల్లో. అంటే 400 నుంచి 380కి తగ్గింది. ఇది చాలదన్నట్టు ఎఫ్‌ఈయూ, డీడీయూ అని రెండు రకాల యూనిట్లు. ఒకే రక్తానికి మొదటిదాంట్లో వచ్చే అంకె రెండోదాంట్లో వచ్చేదానికి దాదాపు రెట్టింపు. యూనిట్ రాయకుండా అంకె ఒక్కటే వాట్సాప్‌లో పంపేవాళ్లకు నేను జవాబివ్వడం మానేశాను. మరిదికి మాత్రం తప్పలేదు.

వచ్చే వారం మా ల్యాబుకు పీటీ రీయేజెంట్ కొత్త లాట్ వస్తోంది. లాట్ మారితే ఐఎస్ఐ మారుతుంది, ఆరోగ్యవంతుల సగటు పీటీ కూడా కొత్తగా కట్టుకోవాలి. దానికి కనీసం 20 మంది కావాలి, ఆడవాళ్లూ మగవాళ్లూ కలిపి, ఏ మాత్రా వేసుకోనివాళ్లు, జబ్బు లేనివాళ్లు. ఆసుపత్రిలో ఆరోగ్యవంతులను వెతకడమంత కష్టమైన పని లేదు. క్యాంటీన్‌లో ఇద్దరు ఒప్పుకున్నారు. సెక్యూరిటీ అబ్బాయిలు టీ, బిస్కెట్లు ఇప్పిస్తే వస్తామన్నారు. లెక్కల విభాగంలో ఒకాయన నన్ను చూడగానే లిఫ్టు వదిలి మెట్లెక్కుతున్నారు. ఇంకా ఎనిమిది మంది తక్కువయ్యారు. మా ఆసుపత్రి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే రేపు ఉదయం తొమ్మిది లోపు ల్యాబుకు రండి, చెయ్యి నేనే పట్టుకుని తీస్తాను, ట్యూబు గీత దాకా నింపే పూచీ నాది.